జాతిరాళ్ల గొట్టం, చెరువుమట్టి చిలుం

మాదకద్రవ్యాల నిరోధక చట్టం దేశంలో అమల్లోకి వచ్చింది 1985 నవంబరు 14న. 2025 నవంబరుతో దానికి 40 ఏళ్లు నిండాయి. గంజాయి పండించినా, అమ్మినా, తాగినా నేరమని ఆ చట్టం తేల్చింది. నేరానికి వాడిన పాత్రలను, పరికరాలను జప్తు చేయొచ్చని 60వ సెక్షన్ చెబుతుంది. గంజాయి తాగే, జానెడు కూడా లేని మట్టి గొట్టం చిలుం సైతం ఆ పరికరాల లెక్కలోకే వస్తుంది.

అనంతపురం జిల్లా కంబదూరు, కళ్యాణదుర్గం వైపు మెట్ట ఊళ్లలో వయసు మళ్లినవాళ్లకు చిలుం కొత్త వస్తువేమీ కాదు. తీర్థాలకు పోయే బైరాగుల చేతుల్లో దాన్ని చూసినవాళ్లే. పోలీసు కేసుల్లో తప్ప ఈ తరం దాని పేరు వినడం లేదు. అయితే గొట్టంతో మూలికల పొగ పీల్చడం మన దేశంలో గంజాయితో మొదలైంది కాదు, పొగాకుతో అంతకన్నా కాదు.

చరక సంహిత సూత్రస్థానం ఐదో అధ్యాయంలో ధూమపానానికి చోటుంది. అగరు, గుగ్గిలం, చందనం, యాలకుల వంటివి నూరి, వత్తిగా చేసి, ఎండబెట్టి, నెయ్యి రాసి, గొట్టంలో పెట్టి వెలిగించాలి. ఆ గొట్టం పేరు ధూమనేత్రం. అది వంకర లేకుండా ఉండాలి, కొసన రంధ్రం రేగుగింజ అంత ఉండాలి. పొడవు మనిషి సొంత వేళ్లతో కొలవాలి: కఫం వెడలగొట్టే పొగకు 24 అంగుళాలు, స్నిగ్ధమైన పొగకు 32, రోజువారీ పొగకు 36. గొట్టం పొడవైతే పొగ చల్లబడి అందుతుందన్న ఎరుక ఈ కొలతల్లో కనిపిస్తుంది. పీల్చిన పొగను నోటితోనే వదలాలి, ముక్కుతో వదిలితే కళ్లకు చేటు అని హెచ్చరిక కూడా ఉంది. వైద్యుడు చెప్పిన వేళకు, చెప్పినన్ని సార్లు తీసుకునే మందు అది.

ఆ తర్వాత శతాబ్దాలు గడిచాయి. హేమావతి నుంచి నొళంబులు, పెనుకొండ నుంచి విజయనగర రాజులు ఈ మెట్టనేలను ఏలారు. శాసనాలకు పట్టింది గుడులు, చెరువులు, మాన్యాలు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి అమెరికా ఖండపు పొగాకు పడమటి తీరానికి చేరింది. తీరం నుంచి దక్కను పీఠభూమికి ఎక్కింది.

అక్కడి నుంచి మొగలు పాదుషాకు అది ఎలా చేరిందో చెప్పే కథ ఒకటుంది. దాన్ని రాసి పెట్టినవాడు అసద్ బేగ్. అక్బరు కొడుకు దానియాల్‌కు బీజాపూరు సుల్తాను కూతురితో పెళ్లి కుదిరింది. ఆ పనిమీద బీజాపూరు వచ్చిన మొగలు కొలువు ఉద్యోగి అతడు. పదిహేడో శతాబ్దం తొలి ఏళ్లవి. గద్దెమీద రెండో ఇబ్రహీం ఆదిల్షా ఉన్నాడు.

అసద్ బేగ్ బీజాపూరులో పొగాకును చూశాడు. ఉత్తరాదిన ఎన్నడూ చూడని సరుకది. పాదుషాకు కానుకగా ఒక గొట్టం చేయించాడు. సుమత్రా దీవిలోని అచే నుంచి వచ్చిన మేలురకం కాడ, మూడు మూరల పొడవు, చక్కగా ఆరబెట్టి రంగు వేసింది. రెండు కొసలకూ జాతిరాళ్లు, మీనాకారీ పని. నోట పెట్టుకునే చోట కోలగా చెక్కిన యెమెన్ ఎర్రరాయి. నిప్పుకు బంగారు పాత్ర. ఆదిల్షా ఇచ్చిన తమలపాకుల సంచిలో పొగాకు నింపాడు. గొట్టానికి వెండి ఒర చేయించి, దానికి ఊదారంగు మఖమలు తొడిగించాడు. అన్నీ వెండి పళ్లెంలో సర్ది ఆగ్రా కొలువులో పెట్టాడు.

అక్బరు చూపు ఆ పళ్లెం మీద పడింది. ఇదేమిటని అడిగాడు. మక్కా, మదీనాల్లో అందరికీ తెలిసిన పొగాకు ఇదనీ, మందుగా తెచ్చారనీ కొలువులోని సర్దారు ఖాన్-ఇ-ఆజం బదులు చెప్పాడు. పాదుషా గొట్టం నింపించి నోట పెట్టుకున్నాడు. హకీము పరుగున వచ్చి వద్దన్నాడు. తెచ్చినవాడి మనసు నొప్పించకూడదని అక్బరు రెండు మూడు దమ్ములు లాగి, గొట్టాన్ని ఖాన్-ఇ-ఆజంకు అందించాడు.

అప్పుడు వాదం రేగింది. మన గ్రంథాల్లో లేని మందు, గుణం తెలియని మందు పాదుషాకు తగదని హకీము పట్టు. ఐరోపా వైద్యులు తెలివితక్కువవాళ్లు కారు, పరీక్షించకుండా మెచ్చుకోరని అసద్ బేగ్ పట్టు. వాళ్లు చేశారని మనం చేయాలా అని హకీము. లోకంలో ప్రతి అలవాటూ ఒకనాడు కొత్తదే కదా అని అసద్ బేగ్. అక్బరు ఇద్దరినీ ఓపిగ్గా విన్నాడు. పొగాకు అలవాటు మాత్రం చేసుకోలేదు. ఈలోపు సర్దారులంతా అసద్ బేగ్‌కు కబురంపి పొగాకు తెప్పించుకున్నారు, వర్తకులు అమ్మకానికి దిగారు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. అప్పటికే అది దేశమంతా అల్లుకుపోయింది. నాలుగు వందల ఏళ్ల తర్వాత చూస్తే ఆ సభలో నిజం పలికినవాడు హకీమే.

ఆ గొట్టం వెనక హుక్కాల యుగం నడిచింది. జస్తం, రాగి కలిపి పోతపోసి, వెండి తాపి, బీదరు కోట మట్టితో నల్లగా నిగ్గుతేల్చిన బిద్రి హుక్కా బుడ్లు దక్కను నవాబుల దివాణాల్లో వెలిశాయి. వాటిలో ఎన్నో మ్యూజియాలకు చేరాయి. బిద్రి పనికి 2006లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మరి చేతి చిలుం? కుమ్మరి చెరువుమట్టితో చేసి ఆవంలో కాల్చిన సూటి గొట్టం అది. పైన వెడల్పు, కింద సన్నం. నిప్పురవ్వ నోట్లోకి రాకుండా లోపల ఒక గులకరాయి, పట్టుకునే చోట తడిగుడ్డ. ఎంచుకునేవాళ్లు కుండను చూసినట్టే చూసేవారు: తట్టితే ఖంగున మోగాలి, రంగు అంతటా ఒకేలా ఉండాలి, వేడికి చేయి కాలకుండా గోడ మందంగా ఉండాలి, రంధ్రం సూటిగా పోవాలి. మట్టి మసిని పీల్చుకుంటుంది కనుక కొన్నాళ్లకు పారేసి కొత్తది తెచ్చుకోవాల్సిందే. అందుకే అది ఇళ్లలో మిగల్లేదు.

1893లో బ్రిటిషు ప్రభుత్వం గంజాయి మీద విచారణ సంఘం వేసింది. వెయ్యికి పైగా సాక్షుల్ని విని, 1894లో ఏడు సంపుటాల నివేదిక వెలువరించింది. పూర్తి నిషేధం వద్దు, పన్నుతో అదుపు చేయండి అన్నది దాని సలహా. చిలుం వాడే తీరు ఆ సంపుటాల్లో నమోదైంది గానీ, దాన్ని చేసిన చేతుల చరిత్ర వాటిలో వెతకనక్కర్లేదు.

పడమటి దేశాల్లో మట్టి గొట్టాలకు వేరే గతి పట్టింది. అమెరికాలో తవ్వకాల్లో దొరికిన ఇంగ్లీషు మట్టి గొట్టపు ముక్కల్ని జె.సి. హారింగ్టన్ కొలిచి చూశాడు. కాలం గడిచేకొద్దీ కాడలోని రంధ్రం సన్నబడిందని 1954లో చూపించాడు. పెంకుముక్కతో ఒక స్థలం వయసు కట్టే పద్ధతి అలా పుట్టింది.

ఇవాళ్టి కథ ఒకే దారిలో లేదు. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధించింది. నీళ్ల గుండా వస్తే పొగ శుద్ధి అవుతుందన్న నమ్మకం తప్పని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో చెప్పింది. గాజు గొట్టాలు అలంకార సామగ్రి పేరుతో ఆన్‌లైన్లో అమ్ముడవుతున్నాయి. చట్టం అడ్డుకోవాల్సింది పొగను. ఆ వంకన చేతిపని జ్ఞాపకం కూడా చెరిగిపోనక్కర్లేదు. సారె మీద చిలుం తీసిన కుమ్మరులు ఇంకా ఉన్నప్పుడే ఏ చెరువు మట్టి, ఎంత పొడవు, ఎన్ని గంటల కాల్పు అన్నవి రాసి పెట్టుకోవాలి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులు కళ్యాణదుర్గం, కంబదూరు ఊళ్లతో ఆ పని మొదలుపెట్టొచ్చు. జిల్లా మ్యూజియంలో ఒక అరకు సరిపడా ముక్కలు వాళ్లకు దొరికినా చాలు, హారింగ్టన్ చేసిన కొలతలు ఇక్కడా చేయొచ్చు.