పుస్తకం వీపు మీది అంకెలు

మన బడి గ్రంథాలయంలో పుస్తకం వీపున అంటించిన చిన్న చీటీ గుర్తుందా? ఆ అంకెలు మాస్టారి లెక్క కోసమనుకునేవాళ్ళం. నిజానికవి పుస్తకం చిరునామా.

పూర్వం చాలా గ్రంథాలయాల్లో బీరువాను, అరను బట్టి పుస్తకానికి నంబరు వేసేవారు. అర నిండితే లెక్కంతా తారుమారయ్యేది. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ నంబరును విషయానికి ముడిపెట్టారు. విజ్ఞానాన్ని పది తరగతులుగా, ఒక్కోదాన్ని మళ్ళీ పదేసి భాగాలుగా విడగొట్టారు. ఇక బీరువా మారినా ఇరుగుపొరుగు మారదు.

కానీ అందులో ఆంగ్ల సాహిత్యానిది 820. తెలుగు సాహిత్యానిది 894.827. 'ఇతర భాషలు' అనే వీధిలో, ద్రావిడ భాషల సందులో మన ఇల్లన్నమాట! మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ ప్రచురించారు. విషయాన్ని అంశాలుగా విడదీసి, వాటిని కోలన్ వంటి గుర్తులతో కలిపి నంబరు కట్టడం ఆయన పద్ధతి.

డ్యూయీ నంబరుతో వెతికేటప్పుడు ముందు బిందువుకు ఎడమనున్న మూడంకెలు, తర్వాత కుడివైపు ఒక్కో అంకె, చివరికి రచయిత పేరు అక్షరాలు చూడాలి. కుజగ్రహం పుస్తకం 523.43, ఉల్కలది 523.5. 43 పెద్దదని తర్వాత పెట్టేవాళ్ళం. అది ముందే ఉండాలి.

తప్పు అరలో పెట్టిన పుస్తకం బీరువాలోనే ఉంటుంది, వెతికేవాడికి మాత్రం దొరకదు. స్వర్ణోత్సవానికి వచ్చినప్పుడు గ్రంథాలయంలోకీ తొంగిచూడండి. ఒక పుస్తకం తీసి చదవండి. తీసిన చోటే పెట్టండి. రేపు మరో పిల్లవాడు దానికోసం వస్తాడు.