కిరీటాలు పెట్టిన పిల్లలు

ఫ్రాన్స్‌లో తియేర్ అనే చిన్న ఊరి పిల్లల్ని పోగేసి, ఫ్రాన్స్వా త్రుఫో 1976లో ‘స్మాల్ చేంజ్’ తీశాడు. కథంటూ పెద్దగా లేదు. బడి, అల్లరి, తొలి ముద్దు, ఇంట్లో దెబ్బలు తినే ఓ పిల్లాడు. పిల్లి వెంటపడిన చంటివాడొకడు ఎత్తయిన కిటికీలోంచి కిందపడి, లేచి కూర్చుని నవ్వుతాడు.

పిల్లలతో సినిమా తీయడం మనకు అంతకు నలభై ఏళ్ల ముందే తెలుసు. కాకపోతే మనవాళ్లు పిల్లలకు కిరీటాలు పెట్టారు.

1936లో చిత్తజల్లు పుల్లయ్య ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ రెండూ పిల్లలతోనే తీసి, ఒకే టికెట్టు మీద చూపించాడు. త్రిమూర్తుల్ని పసిపాపలుగా మార్చేసే మహా ఇల్లాలు అనసూయ! ఆ వేషం కట్టిన కృష్ణవేణికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. నాటకాల్లో ఆరితేరిన పిల్ల కాబట్టి నెగ్గుకొచ్చింది.

ఆ పిల్లే పెరిగి నూజివీడు దగ్గరి మీర్జాపురం రాజాను పెళ్లాడి, నిర్మాత అయింది. 1949లో ‘మన దేశం’ తీసి, నిమ్మకూరు కుర్రాడు ఎన్టీ రామారావును తెరకెక్కించింది. బెజవాడ కాలేజీ నాటకంలో ఆడవేషం వేయమంటే మీసం తీయనని మొండికేసి, ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్న ఘటికుడాయన.

మొండితనం మనవడికీ వచ్చినట్టుంది. 1997లో గుణశేఖర్ అంతా పిల్లలతోనే తీసిన ‘రామాయణం’లో రాముడు జూనియర్ ఎన్టీఆరే. టేకుతో చేయించిన శివధనుస్సును షాటు తీయకముందే అల్లరిగా ఎత్తబోయి విరిచేశాడని, నిర్మాత ఎమ్మెస్ రెడ్డి మండిపడ్డారని గుణశేఖర్ చెబుతుంటారు. ఆ సినిమాకు ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. నిజం చెప్పాలంటే, త్రుఫో అయితే ఆ విల్లు విరిచిన సంగతినే సినిమాగా తీసేవాడు.

అంతకు ఏడాది ముందు గుణ్ణం గంగరాజు ‘లిటిల్ సోల్జర్స్’లో కావ్య, బాలాదిత్యలను కిరీటాలూ గదలూ లేకుండా, మామూలు బన్నీ, సన్నీలుగా చూపించాడు. చెల్లెలి గడుసుతనం, అన్న ఉక్రోషం ఏ ఇంట్లోనైనా కనిపించేవే. అలాంటి సినిమాలు మనకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

అలాంటి పిల్లలు మనకు లేక కాదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ బెజవాడలోంచే పోతున్నాయి. ఆ గట్ల మీద తిరిగే పిల్లలకు పౌరాణికాల అవసరం లేదు. సినిమావాళ్లు ఒక్కసారి కెమెరా అటు తిప్పితే చాలు.