కోటల ఛాయాచిత్రణ – జర్మనీ

పాత కోటలు, చర్చిలు, రాజభవనాలు, శిథిలాలను కెమెరాతో నమోదు చేసే పని జర్మనీలో 1830ల చివరికే మొదలైంది. తొలినాళ్లలో అది శాస్త్రవేత్తల ప్రయోగం. ఆ తర్వాత యాత్రికులకు అమ్ముడుపోయే సరుకు. 1885 నుంచి ప్రభుత్వ శాఖ పని. జర్మన్లు సొంత గడ్డ మీది కట్టడాలతో ఆగలేదు. ఇటలీ, స్పెయిన్, గ్రీసు దేశాల కోటలనూ ఆలయాలనూ ఏళ్ల తరబడి తిరిగి చిత్రించారు. కట్టడం సొగసు కంటే దాని కొలతలకూ అప్పటి స్థితికీ ఎక్కువ విలువ ఇవ్వడం ఈ సంప్రదాయంలో కనిపించే ప్రత్యేకత.

మ్యూనిక్‌లో కార్ల్ ఆగస్ట్ ఫాన్ స్టైన్‌హైల్, ఫ్రాంజ్ ఫాన్ కోబెల్ అనే ఇద్దరు ఆచార్యులు కాగితం మీద పట్టిన ఫ్రావెన్‌కిర్షె చర్చి బొమ్మ జర్మనీలో మిగిలిన తొలి ఛాయాచిత్రాల్లో ఒకటి. దక్షిణాదికి ప్రయాణం అంతకు ముందునుంచే ఉంది. కవి గోథె 1786లో ఇటలీ వెళ్లివచ్చాక చదువుకున్న జర్మన్లకు ఆ యాత్ర దాదాపు తప్పనిసరి అయింది. మాన్‌హైమ్‌కు చెందిన యాకోబ్ ఆగస్ట్ లోరెంట్ 1850లలో మైనం పట్టించిన పెద్ద కాగితపు నెగెటివ్‌లతో వెనిస్‌నూ, గ్రనాడాలోని అల్‌హంబ్రా కోటనూ చిత్రించాడు. ఆ తర్వాత వుర్టెంబెర్గ్ రాజ్యంలోని మధ్యయుగ కట్టడాల వైపు తిరిగాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన గియోర్గ్ సోమర్ 1857లో నేపుల్స్ చేరి, పేరును జార్జియోగా మార్చుకుని, పాంపే శిథిలాల బొమ్మలతో పెద్ద వ్యాపారం నడిపాడు. సోమర్ బొమ్మలు చక్కనివే గాని కొనేవాడి కోసం తీసినవి.

అసలు మలుపు ఆల్‌బ్రెష్ట్ మైడెన్‌బావర్ (1834–1921) తెచ్చాడు. 1858లో వెట్జ్‌లార్ పట్టణంలోని కెథడ్రల్ కొలతలు తీసే పని ఈ యువ ఇంజనీరుకు అప్పగించారు. పై అంతస్తు గోడల మీద కొలుస్తూ ఒక సాయంత్రం కాలు జారి, కిందపడి చావవలసినవాడు తృటిలో తప్పించుకున్నాడు. చేతితో కొలిచే బదులు బొమ్మ తీసి, బొమ్మలోనుంచే కొలతలు రాబట్టలేమా అన్న ఆలోచన అక్కడ పుట్టిందని తర్వాత తానే రాసుకున్నాడు. ఫ్రాన్స్‌లో ఎమె లోసెదా అనే సైనికాధికారి అప్పటికే అటువంటి ప్రయత్నంలో ఉన్నాడు. కాని దాన్ని కట్టడాలకు ఒక పద్ధతిగా అమర్చి, జీవితమంతా దానికే అంకితం చేసిన ఘనత మైడెన్‌బావర్‌దే.

పద్ధతి సూత్రం తేలికైనదే. చోటు ఖచ్చితంగా తెలిసిన రెండు స్థానాల నుంచి ఒకే గోడను చిత్రిస్తారు. గోడ మీది ఒక బిందువు రెండు బొమ్మల్లోనూ ఏ దిక్కున ఉందో తెలిస్తే, ఆ రెండు గీతలు కలిసేచోట దాని అసలు స్థానం దొరుకుతుంది. ఇలా ఒక్కొక్క బిందువే పెట్టుకుంటూ పోతే భవనం పటం, ఎత్తు రెండూ కాగితం మీదికి వస్తాయి. ఇందుకు గాజు పలక నిట్టనిలువుగా ఉండాలి. లెన్సుకూ పలకకూ మధ్య దూరం మారకూడదు. మామూలు కెమెరా ఈ పనికి చాలదు కనుక మైడెన్‌బావర్ తనే వెడల్పైన దృశ్యం పట్టే కెమెరా చేయించి, 1867లో ఫ్రైబుర్గ్ అనే చిన్న ఊళ్లో (ఉన్‌స్ట్రుట్ నది ఒడ్డుది) పరీక్షించాడు. ఫొటోగ్రమెట్రీ అన్న పేరూ అదే ఏడాది అచ్చులో కనిపించింది.

జర్మనీలోని ప్రష్యా రాజ్య ప్రభుత్వం కదలడానికి ఇంకా 18 ఏళ్లు పట్టింది. 1885లో బెర్లిన్‌లో రాజ కొలత ఛాయాచిత్ర సంస్థ మైడెన్‌బావర్ అధ్యక్షతన మొదలై, వాస్తుశిల్పి షింకెల్ కట్టిన వాస్తు విద్యాలయంలో స్థిరపడింది. కట్టడాల కొలతలకోసమే ఒక రాజ్యం నెలకొల్పిన సంస్థ ప్రపంచంలో అదే మొదటిది. 40 సెంటీమీటర్ల చదరపు గాజు పలకలు, వాటికి తగ్గ బరువైన లోహపు కెమెరాలు మోసుకుంటూ సిబ్బంది ప్రష్యా అంతటా తిరిగారు. ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియా, లెబనాన్‌లోని బాల్బెక్ ఆలయాల వరకూ వెళ్లారు. 1920 నాటికి సుమారు 20,000 పలకలు పోగయ్యాయి. జర్మనీ కట్టడాలన్నిటికీ ఒకే భాండాగారం ఉండాలనీ, రేపు ఏ ప్రమాదం వచ్చినా దాన్ని చూసి తిరిగి కట్టుకోవచ్చనీ మైడెన్‌బావర్ వాదించేవాడు. ఆ రోజుల్లో కొందరికి అది అతి జాగ్రత్తగా తోచి ఉండవచ్చు. (మన హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్ కోటలూ మహళ్లూ చిత్రించినది కూడా ఈ దశాబ్దాల్లోనే. కాని అది ఒక స్టూడియో పని. కొలత పటాల పని కాదు.)

మైడెన్‌బావర్ మాట నిజమని తేలడానికి రెండో ప్రపంచ యుద్ధం రావలసి వచ్చింది. బాంబులకు దెబ్బతిన్న బెర్లిన్ రాజభవనాన్ని తూర్పు జర్మనీ ప్రభుత్వం 1950లో కూలగొట్టింది. ఈ శతాబ్దంలో దాని ముఖభాగాలను మళ్లీ కట్టినప్పుడు వాస్తుశిల్పులు ఆ పాత పలకల నుంచే కొలతలు తీసుకున్నారు. ఆ పలకలు ఇప్పుడు బెర్లిన్‌కు దక్షిణాన వున్స్‌డోర్ఫ్‌లో, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్ర కట్టడాల సంరక్షణ శాఖ దగ్గర ఉన్నాయి.

దక్షిణ ఐరోపా కోటల విషయంలో ఎక్కువ గుర్తుంచుకోవలసిన పేరు కళాచరిత్రకారుడు ఆర్థర్ హాజెలోఫ్ (1872–1955). ఇతని పని పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ (1194–1250) కోటల మీద. ఫ్రెడరిక్ హోహెన్‌స్టౌఫెన్ వంశపు జర్మన్. అయినా జీవితంలో ఎక్కువ భాగం ఇటలీలోనే గడిపి, అపులియా ప్రాంతమంతా కోటలు కట్టించాడు. ఎనిమిది భుజాలు, ఎనిమిది బురుజులు, ప్రతి అంతస్తులో ఎనిమిది గదులతో గుట్ట మీద నిలిచిన కాస్టెల్ డెల్ మోంటె వాటిలో ప్రసిద్ధమైనది. సిసిలీ ముస్లింలను తరలించి నివాసం ఏర్పరచిన లుచేరా మరొకటి. రోమ్‌లోని ప్రష్యన్ చరిత్ర సంస్థ 1904 నుంచి ఈ కోటల అధ్యయనం చేపట్టి, హాజెలోఫ్‌కు నాయకత్వం అప్పగించింది. జర్మన్ చక్రవర్తి (కైజర్) రెండో విల్హెల్మ్‌కు ఈ పని మీద మక్కువ ఎక్కువ. తనను హోహెన్‌స్టౌఫెన్‌ల వారసుడిగా చూసుకోవాలన్న కోరిక అందులో లేకపోలేదు. హాజెలోఫ్ బృందంలో చరిత్రకారులతో పాటు కొలతలు తీసే వాస్తుశిల్పులూ ఉండేవారు. 1915లో ఇటలీ ఎదుటి పక్షాన యుద్ధంలోకి దిగడంతో పని ఆగిపోయింది. మొదటి సంపుటం 1920లో లైప్జిగ్‌లో వెలువడింది. ఎక్కువ భాగం లుచేరా గురించే. కాస్టెల్ డెల్ మోంటె వంతు రానేలేదు. అయినా 20వ శతాబ్దపు మరమ్మతులకు ముందు ఆ కోటలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఆ బృందం తీసిన బొమ్మలే ఇప్పటికీ ముఖ్య ఆధారం.

అదే కాలంలో బోడో ఎబ్‌హార్ట్ (1865–1945) అనే వాస్తుశిల్పి ఇటలీ అంతా తిరిగి, 1909–1927 మధ్య ఆరు సంపుటాల 'ఇటలీ కోటలు' వెలువరించాడు. 1899లో జర్మన్ కోటల సంఘాన్ని స్థాపించి, మరుసటి ఏడు రైన్ ఒడ్డున ఉన్న మార్క్స్‌బుర్గ్ కోటను సంఘం పక్షాన కొన్నవాడూ ఇతనే. కాని ఎబ్‌హార్ట్ కోటలను నమోదు చేసి ఊరుకొనే రకం కాదు. శిథిలాన్ని చూస్తే తిరిగి కట్టాలనిపించేది. అల్సాస్‌లోని హోకోనిగ్స్‌బుర్గ్‌ను 1901–1908 మధ్య కైజర్ కోసం అలాగే కట్టి పెట్టాడు. శిథిలాన్ని కాపాడాలి గాని కొత్తగా కట్టకూడదని కళాచరిత్రకారుడు గియోర్గ్ డెహియో 1905లో స్ట్రాస్‌బుర్గ్ ఉపన్యాసంలో గట్టిగా చెప్పాడు. ఆ వాదంలో బొమ్మకు పెద్ద చోటు దొరికింది: కట్టడాన్ని ముట్టుకోకుండా దాన్ని నిలబెట్టే మార్గం అదొక్కటే.

ఫ్లోరెన్స్‌లో 1897లో మొదలైన జర్మన్ కళాచరిత్ర సంస్థ, రోమ్‌లో 1913లో హెన్రియెట్టె హెర్ట్జ్ ఆస్తితో ఏర్పడిన గ్రంథాలయం ఇటలీ కట్టడాల బొమ్మలను లక్షల్లో కూడబెట్టాయి. అదే 1913లో రిషార్డ్ హామన్ (1879–1961) మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో ఛాయాచిత్ర భాండాగారం మొదలుపెట్టాడు. ఆచార్యుడు, విద్యార్థులు కలిసి కెమెరాలతో ఫ్రాన్స్, గ్రీసు తిరగడం, వచ్చిన పలకల ప్రతులు అమ్మి మళ్లీ ప్రయాణం పెట్టుకోవడం హామన్ పద్ధతి. ఫొటో మార్బుర్గ్ పేరుతో అది నేటికీ నడుస్తోంది.

అచ్చు పుస్తకాలు ఈ బొమ్మలను సామాన్య పాఠకుడి ఇంటికి చేర్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో స్పెయిన్‌లో చిక్కుకుపోయిన కుర్ట్ హీల్‌షర్ ఆ ఏళ్లను దేశం నలుమూలలా కోటలు, ఊళ్లు చిత్రించడంలో గడిపి, 1922లో 'తెలియని స్పెయిన్' ప్రచురించాడు. వాల్టర్ హేగె నౌంబుర్గ్ కెథడ్రల్ బొమ్మలతో పేరు తెచ్చుకున్నాడు. అతను ఏథెన్స్ వెళ్లి చిత్రించిన అక్రోపొలిస్ 1930లో గెర్హార్ట్ రోడెన్‌వాల్ట్ వ్యాఖ్యానంతో వెలువడింది. రాతి మీద ఎండ పడే తీరును అంత ఓపికగా పట్టుకున్నవారు అరుదు. తర్వాత నాజీ పార్టీలో చేరడం ఆ పేరుకు మచ్చ. 1925లో లైప్జిగ్ సంతలో లైకా కెమెరా అమ్మకానికి వచ్చింది. దాన్ని తయారుచేసినది మైడెన్‌బావర్ కాలు జారిన వెట్జ్‌లార్ పట్టణంలోనే. దాంతో పెద్ద పలకలు మోయలేని మామూలు యాత్రికుడి చేతికీ మంచి కెమెరా అందింది.

రెండో ప్రపంచ యుద్ధం తీవ్రమైన 1943లో బాంబు దాడులకు గురికాగల చర్చిలు, భవనాల గోడ చిత్రాలను రంగుల్లో నమోదు చేయమని హిట్లర్ ఆదేశించాడు. 1945 వరకూ సుమారు 40,000 రంగు స్లైడ్లు తయారయ్యాయి. యుద్ధం తర్వాత నాలుగు దశాబ్దాలు పాత పలకలను వెతికి సర్దుకోవడంలోనూ, 1977 నుంచి మార్బుర్గ్ సూచికగా వాటిని సూక్ష్మచిత్రాల పలకలపై విడుదల చేయడంలోనూ గడిచాయి. 2011 నుంచి 'వికీ లవ్స్ మాన్యుమెంట్స్' పోటీ ద్వారా సామాన్యులు తీసిన బొమ్మలు కూడా పెద్ద సంఖ్యలో పోగవుతున్నాయి.

ప్రయాణంలో బొమ్మలు తీసేవారికి చట్టం తెలిసి ఉండాలి. జర్మనీలో బహిరంగ వీధి నుంచి కనిపించే భవనం బయటి రూపాన్ని స్వేచ్ఛగా చిత్రించి ప్రచురించుకోవచ్చు. 1965 కాపీరైట్ చట్టం 59వ సెక్షను అందుకు ఆధారం. కాని స్థలం యజమాని ఆవరణలో నిలబడి తీస్తే లెక్క వేరు. ప్రష్యా రాజభవనాలు, తోటల సంస్థ తన నేల మీద తీసిన బొమ్మల వాణిజ్య వాడకాన్ని అడ్డుకోవచ్చని సమాఖ్య న్యాయస్థానం 2010 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఇటలీలో 2004 నాటి వారసత్వ చట్టం ప్రకారం ప్రభుత్వ కట్టడాల బొమ్మలను వ్యాపారానికి వాడాలంటే అనుమతి, రుసుము అవసరం. సొంతానికి తీసుకోవడం మీద 2014లో ఆంక్షలు సడలాయి. 2025లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన నోయిష్‌వాన్‌స్టైన్ కోటలో లోపలి గదుల్లో ఫొటో తీయడం సందర్శకులకు నిషిద్ధం.