వ్యాధి కారకం

అంటువ్యాధిని పుట్టించే సూక్ష్మజీవిని గానీ పరాన్నజీవిని గానీ వ్యాధి కారకం అంటారు. బాక్టీరియా, వైరస్, శిలీంధ్రం, ఏకకణ పరాన్నజీవి, పురుగు ఇందులో ప్రధాన రకాలు. కారకాన్ని మోసుకొచ్చే ప్రాణి వాహకం; కారకం చేరే నీరు, గాలి, మేత మాధ్యమం; దానికి చోటిచ్చే శరీరం ఆతిథేయి.

వాడుక పేర్లు

గొర్రెల పెంపకం విస్తారంగా ఉన్న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో వినిపించే తెగుళ్ల పేర్లు ఎక్కువగా లక్షణాన్నే చెబుతాయి. గొంతువాపుకు కారకం పాశ్చరెల్లా బాక్టీరియా. మూతివాపు లేదా నీలినాలుకకు, పారుడుకు, గాలికుంటుకు కారకాలు వేర్వేరు వైరస్‌లు. నీలినాలుక వైరస్‌కు వాహకం క్యూలికాయిడ్స్ అనే చిన్న కుట్టే ఈగ.

చిటుక రోగంలో బలిసిన గొర్రె చూస్తుండగానే పడిపోతుంది. తొలకరి లేతగడ్డి వల్లే చచ్చిందని కాపరులు అంటారు. గడ్డి ఇక్కడ ప్రేరకం మాత్రమే. కారకం పేగుల్లో ముందునుంచీ కొద్దిగా ఉండే క్లాస్ట్రీడియం బాక్టీరియా. మేత ఒక్కసారిగా మారితే అది విపరీతంగా పెరిగి విషం వదులుతుంది.

కారకం, వాహకం

చలిజ్వరం లేదా మలేరియా కారకాన్ని లావెరాన్ 1880లో అల్జీరియాలో గుర్తించాడు. అనాఫిలిస్ దోమ కడుపు గోడలో ఆ పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో చూశాడు. కారకం దొరికాక వాహకం తేలడానికి 17 ఏళ్లు పట్టింది. నారికురుపులో కారకం పురుగు. దిగుడుబావి నీటిలోని సైక్లాప్స్ అనే చిన్న నీటిజీవి దాని పిల్లలను మోస్తుంది. నీటిని వడకట్టి తాగడం, దిగుడుబావులను మూయించడం వంటి చర్యలతో ఆ గొలుసు తెగింది. భారతదేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాన్ని నారికురుపు రహితంగా ధ్రువీకరించింది.

ఆచరణలో

టీకాను, మందును నిర్ణయించేది కారకమే. గొంతువాపుకు యాంటీబయాటిక్ పనిచేస్తుంది. గాలికుంటు వైరస్‌ను అది చంపలేదు, పుండ్లలో చేరే బాక్టీరియాను మాత్రమే అడ్డుకుంటుంది. దొమ్మ తెగులుతో చచ్చిన పశువు ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారవచ్చు. గాలి తగిలితే దొమ్మ కారకమైన బాసిల్లస్ బాక్టీరియా స్పోర్లుగా మారి నేలలో దశాబ్దాలు బతుకుతుంది. అందుకే ఆ కళేబరాన్ని కోయకుండా, తోలు తీయకుండా, లోతుగా గొయ్యి తవ్వి సున్నం చల్లి పూడ్చాలి.