యావజ్జీవ శిక్ష యెన్నాళ్లు?

యావజ్జీవ కారాగార శిక్ష యన నెన్నేండ్లని యడిగినచో మనలో ననేకులు 14 ఏండ్లని చెప్పుదురు. అది పొరపాటు. ఈ పొరపా టెట్లు పుట్టెనో తెలిసికొనుట మంచిది.

1860 నాటి శిక్షాస్మృతి హంతకునకు మరణమునో, యావజ్జీవ ద్వీపాంతరవాసమునో విధించెను. 1898 నాటి విధానస్మృతి ప్రకారము, ఉరి విధింపనిచో న్యాయాధిపతి కారణము వ్రాయవలసియుండెను. 1955 నాటి సవరణచే నీ నియమము తొలగెను. ద్వీపాంతరవాసమునకు మారుగా యావజ్జీవ కారాగారవాసము వచ్చెను. 1973 నాటి స్మృతి, ఉరి విధించినప్పుడే ప్రత్యేక కారణములు చూపవలెననెను. ఇట్లు యావజ్జీవ శిక్షయే హత్యకు సామాన్య శిక్ష యయ్యెను.

యావజ్జీవమనగా జీవితాంతమేయని సుప్రీంకోర్టు 1961లో గోపాల్ వినాయక్ గోడ్సే వ్యాజ్యెమున స్పష్టముగా చెప్పెను. కాని యాచరణము వేరుగా నుండెను. శిక్ష తగ్గింపులవలన కొందరు హంతకు లైదారేండ్లకే విడుదలయగుచుండిరి. దీనిని మాన్పుటకై 1978లో 433-ఏ సెక్షను చేర్చబడెను. మరణశిక్షకు పాత్రమైన నేరమునకు యావజ్జీవ శిక్ష పొందినవాడు కనీసము 14 ఏండ్లు నిజముగా చెరలో గడపనిదే విడుదల కారాదు. ఆ పిమ్మట విడుదల కోరవచ్చును గాని, పొందితీరు హక్కు లేదు. 1980లో మారూరామ్ వ్యాజ్యెమున నీ సెక్షను నిలిచెను. అంతటితో నాగక, తగ్గింపు లేకుండ 20, 30 ఏండ్లో, జీవితాంతమో విధింపవచ్చునని 2008లో సుప్రీంకోర్టు నిర్ణయింపగా, 2015లో రాజ్యాంగ ధర్మాసన మధికసంఖ్యాకుల తీర్పుచే దానిని స్థిరపరచెను. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన క్రొత్త సంహితయు 14 ఏండ్ల నియమమును విడువలేదు.

చట్టమెంత కఠినమైనను దొడ్డిదారి యుండవచ్చును. ఆంధ్రప్రదేశమున నరహత్యానేరమునకు 10 ఏండ్ల శిక్ష పడిన యొకనికి గవర్నరు శిక్షాశేషమును క్షమింపగా, హతుల కుటుంబీకులు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2006లో నా యుత్తరువు కొట్టివేయబడెను. కులము, మతము, రాజకీయపక్షపాతము క్షమకు కారణములు కారాదని తీర్పు వెలువడెను.

ఈ చరిత్రమువలన మనము గ్రహింపవలసిన దేమి? కాఠిన్యమే న్యాయము కాదు. ఏనాటికిని విడుదల లేదని తెలిసిన ఖైదీకి నడవడి దిద్దుకొనుట కాధారమేమి? మరి పలుకుబడిచే ముందుగా విడుదలయైన హంతకుడు తన వీధిలోనే తిరుగుచుండగా, బిడ్డను గోల్పోయిన తల్లికి ధర్మముపై నమ్మకమెట్లు నిలుచును? దయ యుండవలెను; కాని యది నియమబద్ధమై, కారణములు వ్రాతలో నుండి, బీదవానికిని బలవంతునకును నొక్కటియే కావలెను. చెర వెలుపల నెదురుచూచు భార్యయు, హతుని తల్లియు, తీర్పు వెలువడిననాడే యా లెక్క నెరుగగలిగినప్పుడు గాని శిక్షకు గౌరవము కలుగదు.