మూడొందల ఏళ్ళు వంటింట్లో ఉన్న భాష

ఇవాళ ప్రపంచమంతా చెలామణీ అవుతున్న ఇంగ్లీషుకి ఒకప్పుడు సొంత దేశపు రాజసభలోనే పీట ఉండేది కాదు.

1066లో నార్మండీ డ్యూక్ విలియం హేస్టింగ్స్ దగ్గర హెరాల్డ్ రాజుని ఓడించాడు. అప్పట్నుంచీ దొరల భాష ఫ్రెంచి, చర్చికీ లెక్కలకీ లాటిన్. 1086లో విలియం దేశంలోని భూములూ నాగళ్ళూ లెక్కపెట్టించి రాయించిన డూమ్స్‌డే బుక్ లాటిన్‌లోనే ఉంది. పీటర్‌బరో మఠంలో సన్యాసులు మాత్రం ఇంగ్లీషులో ఏటేటి విశేషాలు రాస్తూ వచ్చారు. 1154తో అదీ ఆగిపోయింది. ఇంగ్లీషుకి పొలమూ వంటిల్లూ మిగిలాయి.

మనం తెలుగులో వాడుకునే కోర్టు, జడ్జి, జ్యూరీ అన్నీ ఆ ఫ్రెంచి దొరలు ఇంగ్లీషుకి అంటగట్టిన మాటలే!

1204లో జాన్ రాజు నార్మండీని పోగొట్టుకున్నాడు. 1337లో ఫ్రాన్స్‌తో నూరేళ్ళ యుద్ధం మొదలైంది. శత్రువు భాష మీద మోజు తగ్గింది. చివరికి 1362లో, ఫ్రెంచి జనానికి అర్థం కావడం లేదు కాబట్టి కోర్టులో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు. తమాషా ఏమిటంటే, ఆ చట్టం రాసింది ఫ్రెంచిలో!

నేను పనిచేసే ఆఫీసు లండన్‌లో ఆల్డ్‌గేట్ పక్కనే. కోటగోడకి ఉన్న ఆ ద్వారం ఇప్పుడు లేదు. 1374 నుంచి 1386 దాకా దాని పైనున్న గదుల్లో జెఫ్రీ చాసర్ కాపురం ఉన్నాడు. పగలు రేవులో ఉన్ని సుంకాల లెక్కలు, ఇంటికొచ్చాక ఇంగ్లీషులో కవిత్వం. పగలంతా కోడ్ రాసి రాత్రిళ్ళు తెలుగు రాసుకునే నాబోటివాడికి ఆయన మనవాడే అనిపిస్తాడు. 1387 ప్రాంతంలో మొదలుపెట్టిన 'కాంటర్‌బరీ కథలు'లో యోధుడితోపాటు పిండిమర వాడూ వంటవాడూ నోరు విప్పి కథలు చెప్పారు. 1400లో ఆయన పోయేనాటికి పుస్తకం పూర్తికాలేదు గానీ, భాషకి సభలో పీట పడింది.

అలా తిరిగొచ్చింది పాత ఇంగ్లీషు కాదు. ప్రత్యయాలు చాలావరకు రాలిపోయాయి, వేల ఫ్రెంచి మాటలు చేరాయి. అయినా అది ఇంగ్లీషే. కాబట్టి మన పిల్లల కలగాపులగం తెలుగు విని నేను బెంగపడను. వాళ్ళు అసలు మాట్లాడకపోతేనే బెంగ. చాసర్ గుమ్మం దిగితే వీధంతా తన భాషే. ఇక్కడ మనం గుమ్మం దిగితే తెలుగు ఆగిపోతుంది. అక్కడ దేశం చేసిన పని ఇక్కడ ఒక్క ఇల్లే చెయ్యాలి.