సరిహద్దున కిరువైపుల ఇబ్బడి బియ్యము

హిందూపురము దాటి బెంగుళూరు దిక్కునకు సాగు రైలు కొద్ది మైళ్ళలోనే ఆంధ్రదేశమును విడిచి గౌరీబిదనూరు చేరును. ఈ రెండూళ్ళ నడుమ కొండ యడ్డము లేదు. నందికొండలలో పుట్టిన ఉత్తరపినాకిని గౌరీబిదనూరు సీమను దాటియే హిందూపురము సీమలోనికి వచ్చును. పంటలో గాని, మాటలో గాని, పెండ్లి సంబంధములలో గాని ఇది ఆంధ్రము, అది కర్ణాటకము అని గీత గీయుట ఎవరితరమును గాదు. పావగడ తాలూకా ఇంచుమించు నలుదిక్కుల ఆంధ్రభూమిచే పరివేష్టితమైయుండియు కర్ణాటకమునకు చెందియుండగా, మడకశిర సీమ కర్ణాటకములోనికి చొచ్చుకొనిపోయియు ఆంధ్రముననే నిలిచినది. అయినను పటముమీది యా గీత ఒక్క విషయమున మాత్రము ప్రతి మాసము ప్రతి పేదయింటి వంటయింటిలోనికి వచ్చి నిలుచును. రేషను స్టోరు బియ్యము తూకమే ఆ విషయము.

2013వ సంవత్సరము జూలై మాసమున కర్ణాటక ప్రభుత్వము అన్నభాగ్యమను పథకమును ప్రారంభించి, పేదకుటుంబమున ఒక్కరే యున్నచో పది కిలోలు, ఇద్దరున్నచో ఇరువది, ముగ్గురును అంతకు మించియు నున్నచో ముప్పది కిలోల ధాన్యమును కిలో ఒక్క రూపాయికి ఇయ్యసాగెను. అప్పటికి ఇంకను విడిపోని ఆంధ్రప్రదేశమునందును ధర ఒక్క రూపాయియే; కాని తలకు నాలుగు కిలోలు, కార్డుకు ఇరువది కిలోలు మించరాదను నియమము అమలులో నుండెను. కావున గౌరీబిదనూరు పల్లెలో తల్లి, తండ్రి, బిడ్డయు గల సంసారము ముప్పది కిలోలు మోసికొనిపోవుచుండగా, హిందూపురము పల్లెలో అట్టి సంసారమే పండ్రెండు కిలోలతో తిరిగివచ్చుచుండెను. ఇది రెట్టింపు కాదు, రెండున్నర రెట్లు. వియ్యమందిన రెండిండ్ల మధ్య, ఒకే వాననాశ్రయించి ఒకే వేరుసెనగను నమ్ముకొన్న రెండు కుటుంబముల మధ్య, ఈ భేదమునకు ఆకలియందు కారణము లేదు, నేలయందు కారణము లేదు. రెండు రాజధానులలోని రెండు నిర్ణయములే కారణము.

ఈ సీమలో మనిషికి ఎంత ధాన్యము చాలునను ప్రశ్న క్రొత్తది కాదు. అది మొదట పుట్టిననాడు ప్రాణములతో ముడిపడియే పుట్టినది. 1876వ సంవత్సరమున వచ్చిన కరువును మన పెద్దలు సంవత్సరనామమును బట్టి ధాత కరువు అని పిలిచిరి. అనంతపురము అప్పటికి ప్రత్యేక మండలము కాదు. 1882లో విడివడువరకు ధర్మవరము, పెనుకొండ, హిందూపురము, మడకశిర సీమలన్నియు బళ్ళారి మండలములోనివే. కరువుపనులకు వచ్చినవారికి ఇయ్యవలసిన కూలిని పరిశీలించి వ్యయమును తగ్గించుటకై రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డ్ టెంపుల్ గారిని పంపగా, ఆయన 1877 జనవరిలో దినమంతయు రాళ్ళు కొట్టి మట్టి మోయు మగవానికి ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని తీర్మానించెను. స్త్రీలకును పిల్లలకును అంతకు తక్కువ. మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టరు విలియమ్ కార్నిష్ గారు దీనికి అడ్డునిలిచి, ఒకటిన్నర పౌనులకు తక్కువైన ధాన్యముతో కష్టించు దేహము నిలువదనియు, వట్టి గింజ చాలదు, పప్పును కూరగాయలును తోడు కావలెననియు వాదించిరి. ఆ వాదము ఫలితముగా మార్చి మాసమున మద్రాసు ప్రభుత్వము ఆ కూలిని ఒకటింబావు పౌను ధాన్యమునకును, ఒకటిన్నర ఔన్సు పప్పునకును పెంచినది. పావుపౌనును గుప్పెడు పప్పును సాధించుటకు ఇన్ని మాసముల ఉత్తరప్రత్యుత్తరములు నడచుచుండగా బళ్ళారి మండలపు త్రోవల వెంట జనులు నేలకొరిగిరి. కార్నిష్ గారి పేరు మన పాఠ్యపుస్తకములలో కానరాదు గాని, రాయలసీమలో ఆ పేరు తెలియవలసిన పేరు. ఎంత అను ప్రశ్నతో పాటు ఏది అను ప్రశ్నను మొదట వేసినవా డాయన.

తరువాతి ఘట్టములను శీఘ్రముగా చెప్పవచ్చును. 1880నాటి కరువు సంఘము నివేదిక, దానినుండి పుట్టిన కరువు నిబంధనావళి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున పట్టణములకు వచ్చిన రేషను చీటీలు. ఆనాడు జనుల నోట నాటుకొన్న కంట్రోలు అను మాట ఇప్పటికిని కంట్రోలు బియ్యమను పేర బ్రదికియున్నది. 1952 జూన్ మాసమున రాజగోపాలాచారిగారు మద్రాసు రాష్ట్రమున ఆహారధాన్యములపై నిర్బంధములను తొలగించిరి. ఆ నిర్ణయమును కోస్తా రైతులు హర్షించిరన్నది నిజమే, కాని అవే దినములలో వానలు లేక ఎండిన రాయలసీమలో గంజికేంద్రములు నడచుచుండెననుట మరవరాదు. ధాన్యమమ్మువానికి స్వేచ్ఛ అయినది ధాన్యము కొనువానికి భయమగుట అప్పుడే ఈ సీమకు తెలిసివచ్చినది.

1983లో నందమూరి తారకరామారావుగారు అధికారమునకు వచ్చి కిలో రెండు రూపాయలకు బియ్యము నిచ్చిననాడు ఆ భయము కొంత తీరినదని చెప్పుట అతిశయోక్తి కాదు. 1985లో ఆయన హిందూపురమునుండి శాసనసభకు ఎన్నికై, ఆ స్థానమునే నిలుపుకొని, 1989లోను 1994లోను అక్కడినుండియే గెలుపొందుటచే, ఆ పథకమునకును ఈ ఊరికిని బాంధవ్యము వంటిది ఏర్పడినది. తరువాతి ప్రభుత్వములలో ధర పెరిగినది, తిరిగి తగ్గినది. 2008లో రాజశేఖరరెడ్డిగారు మరల రెండు రూపాయలు చేయగా, 2011 నవంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డిగారి కాలమున ఒక్క రూపాయి అయినది. ధర యిట్లు దిగివచ్చినను, తలకు నాలుగు, కార్డుకు ఇరువది యను హద్దు మాత్రము కదలలేదు. అయిదుగురికి మించిన యింట ప్రతి క్రొత్త బిడ్డయు ఉన్న ఇరువది కిలోలనే పంచుకొనవలసివచ్చెను. 2015లో జాతీయ ఆహారభద్రతా చట్టము ననుసరించి తలకు అయిదు కిలోలు చేసి ఆ హద్దును తీసివేసిన పిదపనే పెద్ద సంసారములకు ఊపిరి తిరిగినది.

ధర, తూకము, హద్దు అను ఈ మూడు మీటలతో ప్రభుత్వములు పేదవాని గింజను ఆడించుట మన రాష్ట్రమునకే పరిమితము కాదు. తమిళనాట 1967 ఎన్నికలలో అణ్ణాదురైగారు రూపాయికి మూడు పడుల బియ్యమని వాగ్దానము చేసి, అధికారమునకు వచ్చిన తరువాత రూపాయికి ఒక పడి చొప్పున మద్రాసు, కోయంబత్తూరు పట్టణములలో మాత్రమే ఇయ్యగలిగిరి. ఊరు మారిన పడి మారినది. అమెరికాలో కిరాణా వర్తకులు సబ్బులకును పిండివంటలకును కంపెనీలు అచ్చువేయు తగ్గింపు కూపనులను కొన్ని సీమలలో ఇబ్బడి విలువకు చెల్లించి, వేరు సీమలలో అచ్చువిలువకు మించి పైసయైనను తగ్గింపకుండుట ఉన్నది; ప్రక్కన పోటీదుకాణ మున్నచోట ఇబ్బడి, లేనిచోట లేదు. కాని ఆ దేశముననే పేదలకై పుట్టిన రెండు ఏర్పాట్లు ఇంకను గమనింపదగినవి. 1939 మే మాసమున రోచెస్టరు నగరమున తొలి ఆహారచీటీలు వచ్చినప్పుడు, డాలరు పెట్టి నారింజరంగు చీటీలు కొన్నవారికి అరడాలరు విలువగల నీలిచీటీలు ఉచితముగా నిచ్చిరి. నారింజచీటీతో ఏ ఆహారమైనను కొనవచ్చును, నీలిచీటీతో మాత్రము రైతులవద్ద మిగిలిపోయిన పంటనే కొనవలెను. మిషిగను రాష్ట్రమున 2009లో మొదలైన మరియొక పథకమున, పేదలు తమ ఆహారసహాయపు సొమ్ముతో రైతుబజారులో కూరగాయలు, పండ్లు కొన్నచో ఆ సొమ్మునకు సమానమైన విలువను అదనముగా చేర్చిరి. ఏ వస్తువును ఇబ్బడి చేయవలెనో ముందు నిశ్చయించుకొని చేసిన ఇబ్బడులు ఇవి. మనకు వచ్చిన ఇబ్బడి అట్టిది కాదు.

అది 2020లో మహమ్మారి కాలమున వచ్చినది. మార్చి 26వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రకటించిన గరీబ్ కళ్యాణ్ అన్న యోజన ఆహారభద్రతా కార్డుగల ప్రతివ్యక్తికి మామూలుగా వచ్చు అయిదు కిలోలతో పాటు మరి అయిదు కిలోలు ఉచితముగా నిచ్చి, మధ్యలో కొన్ని మాసములు ఆగియు 2022 డిసెంబరు వరకు సాగినది. ధర్మవరము వంటి యూరికి ఆ అదనపు బియ్యము విలువ వేరు. మగ్గము ఆగినదినమున నేతగాని యింట రాబడి ఆగును. పట్టుచీర పెండ్లిండ్లను నమ్ముకొన్న సరకు, పెండ్లిండ్లు లేనినాడు ఆ చీర బీరువాలో మడతపడి యుండును, పట్టునూలుకై చేసిన అప్పు మాత్రము పెరుగుచుండును. ఆ దినములలో మాసమునకు రెండు విడతలుగా స్టోరు తెరచి, జనులు సున్నపు గుండ్రములలో దూరదూరముగా నిలిచి సంచులు పట్టుకొనియుండగా తూచి పోసిన బియ్యమే అనేక నేతయిండ్లలో పొయ్యి వెలిగించినది. 2004లో నిరుపేదలకైన అంత్యోదయ పథకమును విస్తరించునప్పుడు అర్హుల జాబితాలో కుమ్మరి, కమ్మరి, వడ్రంగులతో పాటు నేతగానిపేరును స్పష్టముగా చేర్చినవారికి ఈ ఊరి తరఫున నేను మనసారా నమస్కరించుచున్నాను.

అయినను ఈ ఇబ్బడియు అందరికి ఇబ్బడి కాలేదు. అంత్యోదయ కార్డునకు కుటుంబమున ఎందరున్నను ముప్పది అయిదు కిలోలు మామూలు. అదనము మాత్రము తలకు అయిదు. కావున ఏడుగురున్న యింట తూకము రెట్టింపు కాగా, వృద్ధదంపతులిద్దరే యున్న యింట ముప్పది అయిదు నలుబది అయిదైనది. మరియు ఆంధ్రప్రదేశమున కేంద్రచట్టము క్రింద లెక్కకు వచ్చిన కార్డులు కొన్ని, రాష్ట్రము తన వ్యయముతో భరించునవి కొన్ని. కేంద్రము మొదటివానికే బియ్య మిచ్చుటచే, రెండవవాని భారము ఎవరిదను వివాదమున 2022 ఏప్రిల్ మొదలు కొన్ని నెలలు అదనపు బియ్యము ఈ రాష్ట్రమున ఆగిపోయి, ఆగస్టులో గాని తిరిగి మొదలు కాలేదు. చూచుటకు ఒకే రంగు కార్డును చేతబట్టుకొని ఒకే వరుసలో నిలిచిన ఇరుగుపొరుగు స్త్రీలలో ఒకతెకు అదనము వచ్చి మరియొకతెకు రాకపోవుటకు కారణమును చెప్పగలవారు ఆ వరుసలో ఎవ్వరును లేరు.

2023లో కేంద్రపు అదనము నిలిచిపోయి, అయిదు కిలోలే ఉచితమైనవి. ఆ యేటనే కర్ణాటకమున క్రొత్త ప్రభుత్వము తలకు పది కిలోలని వాగ్దానము చేసియుండెను. భారత ఆహారసంస్థ బియ్యము అమ్మ నిరాకరించుటచే జూలై మాసమునుండి అదనపు అయిదు కిలోల వెల కిలోకు 34 రూపాయల లెక్కన తలకు 170 రూపాయలుగా బ్యాంకుఖాతాలలో వేసి, 2025 ఫిబ్రవరినుండి సొమ్మునకు బదులు గింజనే ఇయ్యసాగెను. తెలంగాణమున 2015నుండి తలకు ఆరు కిలోలు. 2025 ఉగాదినుండి అవి సన్నబియ్యము. అనగా 2025లో హైదరాబాదులో ఆరు, గౌరీబిదనూరులో పది, హిందూపురములో అయిదు.

బెంగుళూరుకు వలసపోయిన మన సీమవారి స్థితి ఈ లెక్కలన్నిటికంటె నాకు బాధాకరముగా తోచును. అనంతపుర మండలపు పల్లెలనుండి వానలు తప్పిన యేటనెల్ల కుటుంబములు కట్టడపు పనులకై అచ్చటికి పోవుట అందరెరిగినదే. ఒకే దేశము ఒకే రేషనుకార్డు అను ఏర్పాటుచే హిందూపురము కార్డుతో బెంగుళూరు దుకాణమున బియ్యము తీసికొనవచ్చును. అది మంచి పని, చాలకాలము ఎదురుచూచిన పని. కాని ఆ ఏర్పాటు కేంద్రచట్టమున చెప్పిన అయిదు కిలోలకే వర్తించును. ఆతిథ్యమిచ్చిన రాష్ట్రము తన ప్రజలకు చేర్చు అదనము వలసవచ్చినవానికి రాదు. ఆ నగరపు గోడలను లేపుచున్న చేతులు ఆ నగరపు దుకాణములో సగము సంచితో తిరిగిరావలసియుండుట న్యాయమని నేను ఒప్పుకొనజాలను.

ఇక ఇబ్బడి అయిన గింజ ఏది? పెనుకొండ, మడకశిర, హిందూపురము సీమలది రాగిసంగటి దేశము. కొర్రలును జొన్నలును పూర్వము ఇండ్లలో గాదెలు నింపినవి. వంద గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము కలదనియు, పాలిష్ బియ్యమున అందులో లేశమే యనియు పోషకాహార పట్టికలు చెప్పుచున్నవి. నలుబది యేండ్లు స్టోరు మనకు బియ్యమునే యిచ్చినది. దానితో పాటు పొలములో వేరుసెనగ వ్యాపించినది. ఇంటిలో సంగటి పండుగనాటి ముచ్చటగా మారసాగినది. కర్ణాటక ప్రభుత్వము దక్షిణ మండలములలో రాగిని, ఉత్తర మండలములలో జొన్నను మద్దతుధరకు రైతులవద్ద కొని స్టోరులలో పంచుచున్నది. సీమభేదములలో నాకు పూర్ణముగా సమ్మతమైన భేదము ఇది యొక్కటే, ఏలయన ఇది నేలను చూచి చేసినది. మనవైపునను ఇటీవల రాయలసీమ కార్డులకు బియ్యమునకు బదులు రెండు మూడు కిలోల రాగులు తీసికొనవచ్చునని అవకాశ మిచ్చిరి. బదులు అనుటతోనే చిక్కు వచ్చినది: అయిదు కిలోలు చాలని యింట ఉన్న బియ్యమును వదలుకొని రాగులు తీసికొనుటకు ఇల్లాలు వెనుదీయును. బదులు గాక అదనముగా, తలకు రెండు కిలోల రాగియు, కార్నిష్ గారు నూటయేబది యేండ్ల క్రిందట అడిగిన పప్పును, మడకశిర సీమలోని రొళ్ళ, అగళి, గుడిబండ రైతులవద్దనే మద్దతుధరకు కొని పెనుకొండ, మడకశిర, హిందూపురము సీమల స్టోరులలో పోయుటకు క్రొత్త శాసన మక్కరలేదు. ముతకధాన్యము కిలో ఒక్క రూపాయి అని 2013నాటి ఆహారభద్రతా చట్టమే ఆనాడు వ్రాసియుండెను.